సదరన్ గాస్పెల్ క్వార్టెట్ పాటలో ఎవరికి ఏం దొరుకుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెప్పి, ఆ తర్వాత జవాబులోకి వెళతాను. టెనెసీలో ఉద్యోగం చేస్తున్న మీరు పక్కింటివారి పిలుపు మీద ఒక సదరన్ గాస్పెల్ కచేరీకి వెళ్లారు. అంటే అమెరికా దక్షిణాది క్రైస్తవ భక్తి సంగీతం, ఎక్కువగా క్వార్టెట్ అనే నలుగురు గాయకుల బృందాలు పాడేది. బైబిలు చేతపట్టుకుని వచ్చిన వృద్ధులతో పాటు కంట్రీ పాటలు (అమెరికా పల్లె బాణీలు) తప్ప మరొకటి వినని లారీ డ్రైవర్లు, రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అభిమానులు, సంగీత కళాశాల విద్యార్థులు, ఏ చర్చికీ వెళ్లమని నిస్సంకోచంగా చెప్పేవారు కూడా అక్కడ మీకు కనిపించారు. ఇంతమందిని ఒకే పాట ఎలా పట్టి ఉంచుతోందని, ఇది 'తెల్లవారి ముసలి సంగీతం' అన్న మాట ఎంతవరకు నిజమని, మన తెలుగు సంఘాల్లో నలుగురు కుర్రాళ్లు ఇలాంటి ప్రయత్నం చేయవచ్చా అని మీరు అడిగారు. సికింద్రాబాదు చర్చి క్వయర్లలో బేస్ (అన్నిటికన్నా మంద్రమైన మగ గొంతు) పాడుతూ, పిల్లలకు నేర్పుతూ గడిపి, తర్వాత చాలాకాలం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఉండి ఈ కచేరీలను దగ్గరగా చూసినవాణ్ని కనుక నాకు తెలిసినది వివరంగా రాస్తాను.

నా దృష్టిలో దీనంతటికీ మూలం ఒకటే. ఈ సంగీతం మొదట కూర్చుని వినేవారి కోసం పుట్టలేదు. తామే పాడుకునేవారి కోసం, అందుకు పాటల పుస్తకాలు కొనుక్కునేవారి కోసం పుట్టింది. నాలుగు గొంతులూ విడివిడిగా చెవికి ఆనాలి, విన్నవారు ఇంటికి వెళ్లి తమ వంతు తాము పాడుకోగలగాలి అన్న అవసరం ఆ పాటల నిర్మాణంలో స్థిరపడిపోయింది. తర్వాతి తరాల శ్రోతలకు స్వరలిపి చదవడం రాకపోయినా, కొందరికి ఆ విశ్వాసమే లేకపోయినా, పట్టుకోవడానికి ప్రతి ఒక్కరికీ ఏదో ఒక గొంతు దొరకడానికి కారణం ఆ నిర్మాణమే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా పల్లెల్లో పియానోలు అరుదు, సంగీతం నేర్పేవారు ఇంకా అరుదు. ఆ లోటు తీర్చడానికి వచ్చినదే ఆకారాల స్వరలిపి. శతాబ్దపు ఆరంభంలో నాలుగు ఆకారాలతో మొదలైన ఈ పద్ధతి, 1846లో జెస్సీ ఐకిన్ వెలువరించిన పుస్తకంతో ఏడు ఆకారాలకు చేరింది. అంటే డో, రే, మీ మొదలైన ఏడు స్వరాలకూ ఏడు వేర్వేరు గుర్తులు ఉంటాయి. డో త్రిభుజం, మీ వజ్రాకారం, లా చతురస్రం. మనం 'స'ను ఏ శ్రుతిలోనైనా పెట్టుకున్నట్టే అక్కడివారు 'డో'ను ఏ శ్రుతిలోనైనా పెట్టుకుంటారు కనుక, గీతల పక్కన ఎన్ని షార్పులు, ఎన్ని ఫ్లాట్లు ఉన్నాయో లెక్కపెట్టే పని లేకుండానే ఆకారం చూసి స్వరం పలకవచ్చు. పొలం పనులకు విరామం దొరికే వేసవి రోజుల్లో ఊరి చర్చిలోనో బడిలోనో కొద్దివారాల గాన పాఠశాల జరిగేది. దాని నుంచి బయటికి వచ్చిన రైతు కుటుంబం తామెన్నడూ వినని పాటనైనా పుస్తకం తెరిచి నాలుగు గొంతుల్లో పాడగలిగేది. సంగీతాన్ని సామాన్యుల చేతికి అందించడంలో ఇంతటి విజయం సాధించిన పద్ధతులు చాలా కొద్ది అని నేను గట్టిగా నమ్ముతాను.

క్వార్టెట్ వృత్తిగా మారడానికి ఈ పుస్తకాల వ్యాపారమే కారణం. టెనెసీలోని లారెన్స్‌బర్గ్‌లో పాటల పుస్తకాలు ప్రచురించే జేమ్స్ డి. వాన్, 1910లో నలుగురు గాయకులను ఊళ్ల మీదికి పంపాడు. వారు పాడి వినిపించాలి, జనం పుస్తకాలు కొనాలి. వాన్ దగ్గర పనిచేసిన వి. ఓ. స్టాంప్స్ 1924లో సొంత సంస్థ పెట్టుకుని, తర్వాత జె. ఆర్. బాక్స్టర్‌తో కలిసి డాలస్ కేంద్రంగా స్టాంప్స్-బాక్స్టర్ కంపెనీని పెద్దది చేశాడు. అట్ట కాగితపు కొత్త పుస్తకాలు ఏటా వచ్చేవి. ఆదివారాల్లో కౌంటీ న్యాయస్థానం మెట్ల దగ్గరో చర్చిలోనో సమావేశమై, అన్నం మూటలతో పాటు ఆ పుస్తకాలూ తెచ్చుకుని, సాయంత్రం దాకా కొత్త పాటలు పాడుకునే జనమే ఈ సంగీతపు తొలి శ్రోతలు. వేదిక మీద మధ్య గొంతు పాడే బారిటోన్ ఎక్కడ తడబడ్డాడో చెప్పగలిగిన చెవులు వారివి. అలాంటి శ్రోతల ముందు నిలబడవలసి వచ్చింది కనుకనే ఈ గాయకుల ప్రమాణం అంత పైకి వెళ్లింది.

ఇప్పుడు పాట లోపలికి వెళదాం. నలుగురిలో లీడ్ గాయకుడు వరుసను, అంటే పాట అసలు బాణీని మోస్తాడు. టెనర్ అతనికంటే పైన, బారిటోన్ సాధారణంగా అతనికంటే కింద, బేస్ అందరికంటే అడుగున ఉంటారు. మన చర్చి క్వయర్లలో స్త్రీల గొంతు మీద వరుస సాగుతుంది. ఇక్కడ వరుస మధ్యలో ఉండి, దాని పైన ఒక గొంతు మెరుస్తూ ఉంటుంది. చరణం నలుగురూ కలిసి పాడి, పల్లవి దగ్గరికి వచ్చేసరికి విడిపోతారు: బేస్ ముందు అందుకుంటాడు, పై మూడు గొంతులు అతని మాటల సందుల్లో జవాబు చెబుతాయి, లేదా టెనర్ ఒక దీర్ఘ స్వరాన్ని పట్టి ఉంచగా కింది వారు పదాలను లయగా విరుస్తారు. ఒక పాదం ముగిసి మరొకటి మొదలయ్యే ఖాళీలో బేస్ గాయకుడు మెట్లు దిగినట్టు నాలుగైదు స్వరాలు పలుకుతాడు. పిల్లలు ముందుగా అనుకరించేది దానినే. ఫ్రాంక్ స్టాంప్స్ బృందం 1927లో అట్లాంటాలో విక్టర్ కంపెనీకి రికార్డు చేసిన 'గివ్ ద వరల్డ్ ఎ స్మైల్' వింటే ఈ తీరు స్పష్టంగా తెలుస్తుంది. ఆ బృందపు పియానో వాద్యకారుడు డ్వైట్ బ్రాక్, పాదాల మధ్య ఖాళీలను రాగ్‌టైమ్ (విరుపుల లయతో సాగే పాత అమెరికా పియానో శైలి) ఛాయ ఉన్న లయతో నింపాడు. అప్పటినుంచి పియానో ఐదో గొంతు అయిపోయింది. దీనికి తోడు పాట చివర శ్రుతిని అరస్వరం పైకి జరపడం, ప్రేక్షకులు లేచి నిలబడితే పల్లవిని మళ్లీ అందుకోవడం కూడా చేరాయి. చదువు, నమ్మకం, వయసు ఏవైనా, శ్రుతి ఒక్కసారి పైకి జరిగినప్పుడు మనిషి వెన్ను నిటారు కావడం నేను ప్రతి సభలోనూ చూశాను.

మీకు కనిపించిన వృద్ధ విశ్వాసుల సంగతికి వస్తాను. వారిని పట్టి ఉంచేది ప్రధానంగా మాట, ఆ మాటలో పరలోకం. పత్తి పొలాల్లో కౌలుకు పనిచేసినవారు, బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడైనవారు, ఆర్థిక మాంద్యంలో భూమి పోగొట్టుకున్నవారు రాసి పాడుకున్న పాటలివి. ఆల్బర్ట్ బ్రమ్లీ 'ఐల్ ఫ్లై అవే'ను 1929 ప్రాంతంలో రాశాడు. పత్తి తీస్తూ ఉండగా ఆ ఆలోచన వచ్చిందని అతడే చెప్పుకున్నాడు. ఆర్కన్సా రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ సంగీత కంపెనీ 1932లో దానిని అచ్చువేసింది. ఒక ఉదయాన ఈ బతుకు ముగిసినప్పుడు ఎగిరిపోతాను అన్న ఆ పాట సాహిత్యపరంగా చాలా సాదాది. కానీ దానిని తల్లి సమాధి దగ్గర పాడినవారికి, భర్త సమాధి దగ్గర విన్నవారికి అందులో సిద్ధాంతం వెతుక్కోవలసిన పని ఉండదు. కచేరీలో ఆ పాట మొదలవగానే పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసే ముసలమ్మలను నేను ఎరుగుదును. పైగా ఈ సభల్లో పాటకూ పాటకూ మధ్య గాయకులు సాక్ష్యం (తమ విశ్వాస అనుభవం) చెబుతారు, జబ్బున పడిన ఒక సభ్యుడి గురించి ప్రార్థన అడుగుతారు. విశ్వాసికి అది ఆరాధన, మిగిలినవారికి ఒక కుటుంబం తన కథ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఇద్దరూ నొచ్చుకోకుండా కూర్చోగలుగుతారు.

అయితే ఇది పూర్తిగా ఆరాధనే అని చెబితే నిజాయితీ కాదు. 1948 నవంబరులో వాలీ ఫౌలర్ అనే గాయకుడు, సభల నిర్వాహకుడు నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో రాత్రంతా సాగే గాన సభ నిర్వహించాడు. ఆ తర్వాత అట్లాంటా, బర్మింగ్‌హామ్, మెంఫిస్ వంటి నగరాల్లో అలాంటి సభలు వాడుక అయ్యాయి. టికెట్టు కొని వచ్చిన జనం, బృందాల మధ్య పోటీ, హాస్యం, కేకలు అన్నీ ఉండేవి. మన కోస్తా ఊళ్లలో తెల్లవార్లూ పౌరాణిక నాటకం చూస్తూ, పద్యం చివర రాగం తీసిన నటుణ్ని 'వన్స్ మోర్' అని మళ్లీ పాడించుకున్నవారికి ఈ సభల స్వభావం వెంటనే బోధపడుతుంది. భక్తి కథాంశమే, కానీ జనం ఎదురుచూసేది ఆ గొంతు ఆ మెట్టు ఎక్కే క్షణం కోసం. హోవీ లిస్టర్ 1948లో అట్లాంటాలో ఏర్పరచిన స్టేట్స్‌మెన్ బృందం ఈ విద్యలో ఆరితేరినది. పియానో ముందు లిస్టర్ చేసే విన్యాసాలు, జేక్ హెస్ ప్రతి అక్షరాన్ని నోరారా పలికే పద్ధతి, బేస్ పాడుతూ కాలు ఊపే 'బిగ్ చీఫ్' వెదరింగ్టన్ చేసే సందడి చూసి, ఇది సువార్తా, వినోదమా అని కోపగించిన సంఘ కాపరులు ఆ రోజుల్లోనే ఉన్నారు. వారి ఆక్షేపణలో కొంత న్యాయం ఉంది. ప్రేక్షకుల కన్నీటిని ముందే లెక్కగట్టి మాట్లాడే గాయకులను నేనూ చూశాను, వారు నాకు నచ్చరు. కానీ నవ్వించినంత మాత్రాన పాట అబద్ధం కాదు. వారమంతా మిల్లులో నిలబడి పనిచేసిన మనిషికి శనివారం రాత్రి నవ్వూ కావాలి, ఆదివారపు మాటా కావాలి. ఈ బృందాలు రెండూ ఒకే చోట ఇచ్చాయి.

శ్రోతల పరిధిని దక్షిణాది దాటించినవి రేడియో, వలస. బ్లాక్‌వుడ్ బ్రదర్స్ 1934లో మిసిసిపీ రాష్ట్రంలోని చాక్టా కౌంటీలో మొదలయ్యారు. ముగ్గురు అన్నదమ్ములు, పెద్దన్న కొడుకు ఆర్. డబ్ల్యూ. కలిసి నలుగురు. 1940లో వారు స్థిరపడింది దక్షిణాదిలో కాదు, అయోవాలోని షెనాండోవా పట్టణపు రేడియో కేంద్రంలో; అక్కడి మొక్కజొన్న రైతులు కూడా వారిని తమవారిగా చేసుకున్నారు. 1950లో దక్షిణాదికి తిరిగి వచ్చి మెంఫిస్‌లో స్థిరపడ్డారు. 1954 జూన్‌లో ఆర్థర్ గాడ్‌ఫ్రీ నిర్వహించే జాతీయ టెలివిజన్ పోటీలో గెలిచి దేశమంతటికీ పరిచయమైన కొద్ది రోజులకే, అదే నెల 30న అలబామాలోని క్లాంటన్‌లో వారి విమానం కూలి ఆర్. డబ్ల్యూ., బేస్ గాయకుడు బిల్ లైల్స్ మరణించారు. నేల మీద నిలబడి ఆ దృశ్యం చూసిన జేమ్స్ బ్లాక్‌వుడ్ మళ్లీ బృందాన్ని నిలబెట్టాడు. లైల్స్ స్థానంలోకి జె. డి. సమ్నర్ వచ్చాడు. పరలోకంలో కలుసుకుంటామని అంతకుముందు వారు పాడిన పాటలు ఆ తర్వాత జనానికి మరో అర్థంతో వినిపించాయి.

వలస సంగతి ఇంకా ముఖ్యమైనది. వెస్ట్ వర్జీనియా, కెంటకీ, టెనెసీ కొండ ప్రాంతాల నుంచి లక్షల మంది ఉత్తరాది కర్మాగారాలకు వెళ్లారు: డెట్రాయిట్ కార్ల పరిశ్రమకు, ఒహాయోలోని ఆక్రన్ టైర్ల పరిశ్రమకు. ఆ ఆక్రన్ దగ్గరే రెక్స్ హంబార్డ్ అనే టెలివిజన్ బోధకుడి చర్చిలో 1960ల మొదట్లో కెథడ్రల్స్ క్వార్టెట్ పుట్టింది. గ్లెన్ పేన్ లీడ్‌గా, జార్జ్ యౌన్స్ బేస్‌గా ఆ బృందం 1999 దాకా సాగింది. నా చెవికి ఇంత సమతూకంగా కలిసిన గొంతులు మరే బృందంలోనూ వినపడలేదు. ఇల్లు వదిలి వచ్చిన కార్మికుడికి ఆ పాట విశ్వాసం ఎంతో ఊరు కూడా అంతే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు సంఘాలలో, ఇంగ్లీషు పాటలు ఎంత బాగా వచ్చినా, ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి అందుకోగానే పెద్దవారి గొంతు మారిపోవడం మీరు చూసే ఉంటారు. కారణం అక్కడా ఇక్కడా ఒకటే.

ఎల్విస్ అభిమానుల గురించి విడిగా చెప్పాలి. చాలామంది వారిని ఈ సభల్లో దారితప్పి వచ్చినవారిగా చూస్తారు. నిజానికి వారు సరైన చోటికే వచ్చారు. ఎల్విస్ కుటుంబం మెంఫిస్‌లో వెళ్లిన అసెంబ్లీ ఆఫ్ గాడ్ సంఘంలోనే బ్లాక్‌వుడ్ సోదరులూ సభ్యులు. ఎల్లిస్ ఆడిటోరియంలో జరిగే గాన సభలకు అతడు కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి వెళ్లేవాడు. సాంగ్‌ఫెలోస్ అనే యువ క్వార్టెట్‌లో చేరాలని ప్రయత్నించి చోటు దక్కించుకోలేకపోయాడు. 1958లో అతని తల్లి అంత్యక్రియల్లో పాడింది బ్లాక్‌వుడ్ బ్రదర్స్. మొదట జోర్డనేర్స్, 1969 నుంచి ఇంపీరియల్స్, 1971 నుంచి సమ్నర్‌తో కూడిన స్టాంప్స్ బృందం అతని వెనుక పాడాయి. అతడు పోటీలో గెలిచిన మూడు గ్రామీ అవార్డులూ గాస్పెల్ రికార్డులకు వచ్చినవే. రాక్ పాటకు ఒక్కటీ రాలేదు. వాటిలో రెండింటికి కారణమైన 'హౌ గ్రేట్ దౌ ఆర్ట్' స్వీడన్ కవి కార్ల్ బోబెర్గ్ 1885లో రాసిన పద్యం నుంచి వచ్చింది. దానిని 1954లో కాలిఫోర్నియాలో పరిచయం చేసిన బోధకుడు ఎడ్విన్ ఆర్, అంతకుముందు మహారాష్ట్రలోని దేవలాలీలో నాగా గాయకుల నోట విన్నాడన్న విషయం మన దేశంలో చాలామందికి తెలియదు. ఎల్విస్ అభిమాని క్వార్టెట్ సభకు వచ్చి వింటున్నది ఎల్విస్ తాను కావాలనుకున్న మనిషిని. జేక్ హెస్ ఉచ్చారణలో, సమ్నర్ పాతాళ స్వరంలో అతనికి ఆ జాడలు దొరుకుతాయి. సమ్నర్ మంద్రస్థాయి గిన్నిస్ రికార్డుల పుస్తకానికి ఎక్కింది.

'తెల్లవారి సంగీతం' అన్న మాటకు నా జవాబు ఇది: సభ చూస్తే చాలావరకు నిజం, స్వరం వింటే నిజం కాదు. నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయపు నల్లజాతి విద్యార్థులు 1871లో బయలుదేరి బానిసత్వ కాలపు ఆధ్యాత్మిక గీతాలను ప్రపంచానికి వినిపించినప్పటి నుంచి, నలుగురు మగ గొంతుల సంప్రదాయం నల్లవారిలో బలంగా ఉంది. గోల్డెన్ గేట్, ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్, డిక్సీ హమ్మింగ్‌బర్డ్స్, సోల్ స్టిరర్స్ వంటి బృందాల నుంచి తెల్ల క్వార్టెట్లు లయను, బేస్ నడకను, ప్రశ్న-జవాబు పద్ధతిని తీసుకున్నాయి. నల్లజాతి స్వరకర్త థామస్ డోర్సీ 1937లో గాస్పెల్ గాయని మహాలియా జాక్సన్ కోసం రాసిన 'పీస్ ఇన్ ద వ్యాలీ'ని 1951లో కంట్రీ గాయకుడు రెడ్ ఫోలీ పాడి తెల్లవారి ఇళ్లకు చేర్చాడు. 1957 జనవరిలో ఎల్విస్ దానిని ఎడ్ సల్లివన్ టెలివిజన్ కార్యక్రమంలో పాడాడు. పాట గోడ దాటింది కానీ పాడిన మనుషులు దాటలేకపోయారు. సభలు జాతుల వారీగా విడిపోయి ఉన్న కాలం అది. 1972లో ఇంపీరియల్స్ బృందం షెర్మన్ ఆండ్రస్ అనే నల్లజాతి గాయకుణ్ని చేర్చుకోవడం ఆ రంగంలో చెప్పుకోదగిన మలుపు. ఆ రుణాన్ని ఈ సంగీత లోకం వేదికల మీద ఇంకా తగినంతగా ఒప్పుకోలేదన్నది నా నిశ్చితాభిప్రాయం. మీరు స్టేట్స్‌మెన్ విన్న రోజునే గోల్డెన్ గేట్ కూడా వినండి, మిగతాది నేను చెప్పనక్కరలేదు.

కంట్రీ శ్రోతల విషయం తేలికగా తెమిలిపోతుంది. రెండు సంగీతాల ఇల్లూ నాష్‌విల్లే, గాయకులు అటూ ఇటూ తిరిగేవారు. స్టాట్లర్ బ్రదర్స్ గాస్పెల్ పాడుతూ పెరిగి, 1964 నుంచి కంట్రీ గాయకుడు జానీ క్యాష్ బృందంతో తిరిగారు. ఓక్ రిడ్జ్ బాయ్స్ మూలాలు వాలీ ఫౌలర్ బృందంలో ఉన్నాయి; యుద్ధకాలంలో టెనెసీలోని అణు కేంద్ర పట్టణం ఓక్ రిడ్జ్ కార్మికుల ముందు పాడి ఆ పేరు తెచ్చుకున్నారు. 1981లో 'ఎల్వైరా' పాటను దేశమంతా కూనిరాగం తీసేలా చేసిన రిచర్డ్ స్టెర్బన్ బేస్ గొంతు, అంతకుముందు ఎల్విస్ వెనుక స్టాంప్స్ బృందంలో వినిపించినదే. లారీ డ్రైవరు ఈ సభలో తనకు తెలియని సంగీతం వినడం లేదు.

సంగీత విద్యార్థులను, వాద్యకారులను ఆకర్షించేది మరొకటి, అది బారిటోన్. టెనర్ పైకి ఎగిరితే, బేస్ లోతుకు దిగితే జనం చప్పట్లు కొడతారు. బారిటోన్‌కు చప్పట్లు రావు. కానీ త్రిస్వరంలో లోపించిన స్వరాన్ని వెతికి పట్టుకుని, లీడ్ కిందికి వస్తే తాను పైకి జరిగి, ఎవరికీ తెలియకుండా హార్మనీని, అంటే గొంతుల పొందికను కాపాడేవాడు అతడే. చెవి తయారైన శ్రోతకు ఆ లోపలి నడకే విందు. నేను నేర్పిన పిల్లలకు ఒకే రికార్డును నాలుగుసార్లు వినిపించి, ప్రతిసారీ ఒక్క గొంతునే వెంబడించమనేవాణ్ని. మూడోసారి బారిటోన్‌ను పట్టుకోగలిగిన పిల్లవాడు ఆ తర్వాత ఏ హార్మనీనీ మామూలుగా వినలేడు.

ఇక చర్చికి వెళ్లనివారు. వీరిలో రెండు రకాలు ఉన్నారు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ' చిత్రం ద్వారా 'ఐల్ ఫ్లై అవే' వంటి పాటలను, ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్ గొంతులను మొదటిసారి విని, పాత అమెరికా ధ్వని మీద ప్రేమతో వచ్చేవారు ఒక రకం. రెండో రకం వారు నన్ను ఎక్కువగా కదిలిస్తారు: ఈ సంఘాల్లోనే పుట్టి పెరిగి, సిద్ధాంతంతో పొసగక వెళ్లిపోయినవారు, లేదా సంఘమే తమను అంగీకరించనందున దూరమైనవారు. వారికి బోధ అక్కరలేదు, కొందరికి అది గాయం కూడా. కానీ తండ్రి పక్కన నిలబడి పాడిన టెనర్ వంతు మాత్రం గొంతులో మిగిలి ఉంటుంది. వెనుక వరసలో కూర్చుని, పెదవులు కదుపుతూ, విశ్వాసంలోకి రమ్మని పిలిచే ఆహ్వాన ప్రార్థన మొదలవగానే లేచి వెళ్లిపోయే ఇలాంటివారిని తక్కువగా చూడవద్దని నేను సంఘ పెద్దలకు ఎప్పుడూ చెబుతాను. ఆ నాలుగు గొంతుల్లో ఒకటి వారిది.

'ముసలి సంగీతం' అన్న ఆరోపణకు వస్తే, అది కొంత నిజం. 1970ల నుంచి యువతరం గిటార్లతో కూడిన సమకాలీన క్రైస్తవ సంగీతం వైపు, తర్వాత ఆరాధన గీతాల వైపు వెళ్లింది. 1980ల చివరికి చాలామంది పాత గాయకులు మరుగున పడ్డారు. 1991లో గాస్పెల్ పాటల రచయిత, గాయకుడు బిల్ గైథర్ నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్‌కు పాత తరం గాయకులను పిలిచాడు. పని అయిపోయాక వారు పియానో చుట్టూ చేరి పాడుకున్నది వీడియోగా మిగిలింది. జేక్ హెస్, హోవీ లిస్టర్, జేమ్స్ బ్లాక్‌వుడ్, వెస్టల్ గుడ్‌మన్ వంటివారు కనిపించిన ఆ వీడియో నుంచే 'హోమ్‌కమింగ్' అనే సుదీర్ఘ శ్రేణి పుట్టి, ఐర్లండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. గైథర్ ఉత్తరాదిలోని ఇండియానావాడు, ఆ శ్రోతల్లో చాలామంది దక్షిణాదిని చూసినవారే కాదు. 1957లో మెంఫిస్‌లో మొదలైన జాతీయ క్వార్టెట్ సమ్మేళనం నాష్‌విల్, లూయివిల్ మీదుగా 2014లో టెనెసీలోని పిజియన్ ఫోర్జ్‌కు చేరి ఇప్పటికీ ఏటా జరుగుతోంది. అక్కడ నెరసిన తలలే ఎక్కువ. అయినా మధ్యాహ్నపు సభల్లో పాడే కుర్రాళ్లను చూస్తే, పాడేవారు ఉన్నంతకాలం వినేవారు ఉంటారని అనిపిస్తుంది. ఈ సంగీతం మొదటినుంచీ అలాగే బతికింది. గాన పాఠశాలలు మూతపడటాన్ని నేను ప్రేక్షకులు తగ్గడం కన్నా పెద్ద నష్టంగా చూస్తాను.

చివరగా మన సంఘాల సంగతి. నాలుగు గొంతుల ధ్వని మనకు పూర్తిగా కొత్త కాదు. మన క్రైస్తవ ఇళ్లలో ఒక తరం పెద్దలు ఇష్టంగా విన్న అమెరికా గాయకుడు జిమ్ రీవ్స్ రికార్డుల వెనుక అనేకసార్లు పాడిన అనితా కెర్ బృందం ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషుల నాలుగు గొంతులే. కానీ పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలు రాగ తాళాల్లో ఒకే వరుసగా పాడుకునేవి. గమకం మీద ఆధారపడిన రాగాలకు కింద కార్డ్‌లు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) పేరిస్తే రాగమూ పోతుంది, హార్మనీ కూడా నిలవదు. అందువల్ల మొదటి ప్రయత్నానికి కీర్తనలను ముట్టుకోవద్దు. ఇప్పటికే తెలుగులో ఉన్న, నాలుగు లెక్కల నడకలో సాగే అనువాద గీతాలను తీసుకోండి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కనుక పాదాంతంలో దీర్ఘ స్వరం పట్టడం మనకు ఇంగ్లీషువారికన్నా తేలిక; నలుగురూ ఆ అచ్చును ఒకే నోటి ఆకారంతో పలికితే గొంతులు తమంతట తామే కలుస్తాయి. చిక్కు బేస్ నడక దగ్గర వస్తుంది. అక్కడ వెంటవెంటనే పలకడానికి లఘువులు కావాలి. గురువులు వరసగా ఉన్న మాటలు పెడితే పాట ఈడ్చుకుపోతుంది. కొత్తగా అనువదించాలనుకుంటే బ్రమ్లీ వంటివారి పాటలు ఇంకా హక్కుల కింద ఉన్నాయి కనుక రాతపూర్వక అనుమతి తీసుకోండి.

పాడేవారిని ఎంచుకునేటప్పుడు చాలామంది ముందు లోతైన గొంతును వెతుకుతారు. శ్రుతిని అటూ ఇటూ జరపవచ్చు కనుక బేస్ మరీ లోతుగా లేకపోయినా గడిచిపోతుంది. నలుగురిలో అందరికన్నా నిక్కచ్చి చెవి ఉన్నవాణ్ని బారిటోన్‌కు పెట్టండి, స్పష్టంగా పలికేవాణ్ని లీడ్‌కు పెట్టండి. మొదటి నెల కీబోర్డు లేకుండా ఒకే పాట సాధన చేయించండి. శ్రుతి ఎక్కడ జారుతోందో కీబోర్డు దాచిపెడుతుంది. ప్రతి వారం నలుగురూ తమ వంతులను మార్చుకుని ఒకసారి పాడాలి. ఎంత తప్పుగా పాడినా ఫరవాలేదు, పక్కవాడు ఏం మోస్తున్నాడో తెలియాలి. ఆ తర్వాతనే సంఘం ముందు నిలబెట్టండి. పల్లవిని రెండోసారి పాడేటప్పుడు వరుస మాత్రం జనానికి వదిలేసి, మీవాళ్లను మిగతా మూడు వంతుల్లో ఉంచండి.